గోంగూర ఆకు వెనక తేనెబొట్టు

ఒక గ్రామ గ్రంథాలయంలో రైతులు, విద్యార్థుల ముందు వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం పాఠం

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. సభ పొద్దున్నే పెట్టమని పట్టుబట్టింది నేనే. అందుకు కారణం బల్ల మీద ఉన్న ఈ గుమ్మడి పువ్వు. తెల్లవారుజామున విచ్చుకుంది, మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. దానిలోని తేనె చూడాలంటే దాని వేళకు మనం రావాలి. పక్కనే ఒక పొద్దుతిరుగుడు పువ్వు, నూరువరహాల గుత్తి, గోంగూర కట్ట కూడా పెట్టాను. పూల మధ్య గోంగూర ఎందుకని ముందు వరుసలో ఒక అమ్మ అడిగారు. ఆ సంగతికి తప్పకుండా వస్తానమ్మా, కాస్త ఓపిక పట్టండి.

ముందు నూరువరహాలు. ఇక్కడున్న పిల్లల్లో ఎంతమంది ఈ పువ్వు తుంచి తేనె పీల్చారు? చేతులెత్తండి. పెద్దవాళ్లూ ఎత్తుతున్నారు, సంతోషం. సన్నని గొట్టంలాంటి ఈ పువ్వును అడుగున గిల్లి, లోపలి దారాన్ని కిందివైపు నుంచి మెల్లగా లాగితే దాని కొసకు ఒక బొట్టు వేలాడుతూ వస్తుంది. ఆవగింజంత కూడా ఉండదు. నాలుకకు తగిలీ తగలకముందే అయిపోతుంది. చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో రోజూ ఒక గుత్తిని ఖాళీ చేసేదాన్ని. అయినా ఆ బొట్టు అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్న డిగ్రీలో చేరేదాకా నాకు తట్టలేదు. ఈ పూట ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని నడుద్దాం.

ఆ బొట్టు మొక్క కష్టార్జితం. ఆకు ఎండలో కూర్చుని, నీటినీ గాలిలోని కార్బన్ డయాక్సైడునూ కలిపి చక్కెర చేస్తుంది. ఆ చక్కెర నీళ్లలో కరిగి, పోషక కణజాలం అనే సన్నని గొట్టాల వెంట వేరుకూ చిగురుకూ పూతకూ కాయకూ వెళుతుంది. ఈ చక్కెర కాలువను కళ్లారా చూసేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, గీత కార్మికులు. తాడిచెట్టు పూత గెల కొసను పదునైన కత్తితో రోజూ పలచగా చెక్కి లొట్టి కడతారు. తెల్లవారేసరికి అందులోకి దిగే తియ్యటి నీరా, చెట్టు ఆకులు చేసిన చక్కెరే. పూతకూ కాయకూ వెళ్లవలసింది దారిలో మనకు చిక్కింది. తాడిచెట్టు దగ్గర మనం కత్తి పెట్టి తీసుకుంటున్నదాన్ని, పువ్వు తనంతట తానే, తాను ఎంచుకున్న వేళకు, తాను అనుకున్నంత కొలిచి బయట పెడుతుంది. ఆ కొలిచి పెట్టే చోటును మకరంద గ్రంథి అంటాం. చాలా పూలలో అది అడుగున, అండాశయం చుట్టూ చిన్న ఉంగరంలా ఉంటుంది.

గ్రంథి లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి మాగాయ పెట్టినవాళ్లకు నా సాయం అక్కర్లేదు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది. ఆ నీరు మనం పోసింది కాదు. ముక్క బయట ఉప్పు చిక్కగా ఉంది కాబట్టి లోపలి నీరు దాని వైపు నడిచింది. పువ్వులో ఉప్పు చేసే పనిని చక్కెర చేస్తుంది. గ్రంథి కణాలు తమ దగ్గరికి చేరిన చక్కెరను సుక్రోజుగా కూర్చుకుంటాయి. కణం పొరలో దానికి ఒక ప్రత్యేకమైన వాకిలి ఉంది. ఆ వాకిలి గుండా సుక్రోజు బయటికి వస్తుంది. బయట ఇన్వర్టేజ్ అనే ఎంజైము కాచుకుని ఉండి, ఒక్కో సుక్రోజు అణువును గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి రెండయ్యేసరికి నీటిని లాగే బలం పెరుగుతుంది. కణాల్లోంచి నీరు ఊరి బయటికొస్తుంది, బొట్టు తయారవుతుంది. చాలా మొక్కల్లో ఈ బొట్టు బయటపడే దారి ఆకుల మీద ఉండే పత్రరంధ్రాల లాంటిదే. ఆకు మీద అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, గ్రంథి మీద చాలావరకు తెరిచే ఉంటాయి.

నేను వాకిలి అన్నది ఒక ప్రోటీను. దాని పేరు స్వీట్-9. పిల్లలు నవ్వుతున్నారు గానీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే అది. స్టాన్‌ఫర్డ్‌లోని కార్నెగీ సంస్థలో వోల్ఫ్ ఫ్రోమర్ బృందం 2014లో ఈ సంగతి ప్రకటించింది. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో ఆ ప్రోటీను తయారుకాకుండా చేసి పెంచి చూశారు. మొక్క పెరిగింది, పూలు పూసింది. మకరందం మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఎన్ని వేల ఏళ్లుగానో మనుషులు తేనె తింటున్నారు. అందులోని తీపి పువ్వులోకి వచ్చే తలుపు ఏదో తెలిసింది మాత్రం నిన్నగాక మొన్న. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలు అప్పటికే పుట్టి ఉన్నారు.

ఇక గుమ్మడి ముందుచూపు చూడండి. పువ్వు విచ్చుకున్నాక తీపి కోసం పరుగెత్తదు. మొగ్గగా ఉన్న రోజుల్లోనే గ్రంథి కణాల్లో పిండిపదార్థం నింపి పెట్టుకుంటుంది. విచ్చుకునే వేళ దగ్గర పడేసరికి దాన్ని చకచకా చక్కెరగా మార్చేస్తుంది. పండగకు వారం ముందే అరిసెల పిండి సిద్ధం చేసుకునే ఇల్లాలి పద్ధతి ఇది. ఇది మగ పువ్వు. మధ్యలో కేసరాలన్నీ కలిసి ఒక స్తంభంలా నిలబడ్డాయి కదా, దాని అడుగున చిన్న సందులున్నాయి. తేనె ఆ సందుల కింద గిన్నెలో ఉంది. తేనెటీగ తల వంచి మూతి దూర్చాలి, దూరుస్తుంటే ఒళ్లంతా పుప్పొడి అంటుకుంటుంది. ఆడ పువ్వులో తేనె ఊరే గ్రంథి, మధ్యలో కాడలా నిలబడే కీలం చుట్టూ పళ్లెంలా ఉంటుంది, ఆ పళ్లెం దగ్గరికి వచ్చిన ఈగ కీలాగ్రాన్ని, అంటే పుప్పొడిని అందుకునే కీలం కొసను, రాసుకోకుండా వెళ్లలేదు. మీ పాదుకు పిందెలు కట్టి, పసుపు తిరిగి రాలిపోతుంటే ఎరువు చాలలేదని కంగారు పడతారు. చాలాసార్లు ఆ ఉదయం ఈగ రాకపోవడమే కారణం.

ఇది చిన్న ఖర్చు కాదు. అమెరికాలో పెరిగే, మన జిల్లేడు కుటుంబపు మొక్క ఒకదాన్ని 1980లలో కొలిచి చూశారు. పూత ముమ్మరంగా ఉన్నప్పుడు ఆకులు ఒక రోజులో సంపాదించిన చక్కెరలో 37 శాతం దాకా మకరందానికే పోయింది. వేరుకూ కాండానికీ గింజకూ చేరగలిగిన సొమ్ము అది. అందుకే కొన్ని మొక్కలు ఎవరూ తాగకుండా మిగిలిన మకరందాన్ని తిరిగి లోపలికి పీల్చుకుంటాయి. పారబోసే అలవాటు వాటికి లేదు.

మకరందం ఎవరి కోసమన్న ప్రశ్నను పట్టుదలగా అడిగినవాడు ఒక బడిపంతులు. పేరు క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్. జర్మనీలో బెర్లిన్ పక్కన స్పాండౌ అనే ఊళ్లో పనిచేసేవాడు. 1787 వేసవిలో ఒక అడవి జెరేనియం పువ్వును చూస్తూ, రేకుల అడుగున సన్నని నూగు ఉండటం గమనించాడు. ఆ నూగు కిందే తేనె. వాన చినుకు పడితే నూగు మీదే ఆగిపోతుంది, తేనె పలచబడదు. ఇంత జాగ్రత్తగా దాచిన తేనె ఎవరి కోసమో అని ఊరి చుట్టూ పొలాల్లో, అడవుల్లో పూల ముందు గంటలకొద్దీ కూర్చున్నాడు. రేకుల మీది చారలు, చుక్కలు తేనె ఉన్న చోటికి దారి చూపే గుర్తులని కనిపెట్టాడు. పురుగులు వచ్చి పుప్పొడి మోసుకెళ్లాలనే పువ్వు ఇదంతా చేస్తోందని 1793లో పుస్తకం అచ్చు వేయించాడు. ఆ రోజుల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మరుసటి ఏడాదే బడి ఉద్యోగం కూడా పోయింది. కొన్ని దశాబ్దాల తరవాత డార్విన్ ఆ పుస్తకాన్ని చదివి, మెచ్చుకుని, దాని విలువ లోకానికి చెప్పాడు. నేను తరగతిలో ఏ ఏడాదీ స్ప్రెంగెల్ పేరు చెప్పకుండా పాఠం ముగించలేదు. పువ్వు ముందు కూర్చుని చూడటం కూడా చదువేనని నాకు నేర్పినవాడు ఆయన.

ఎవరి కోసమో తెలిస్తే ఎంత చిక్కగా, ఎప్పుడు అన్నది కూడా అర్థమవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు లేకుండా ఎర్రగా మండిపోయే మోదుగ దగ్గర నిలబడి చూడండి. గోరింకలు, తేనెపిట్టలు కొమ్మ కొమ్మకూ దూకుతుంటాయి. పక్షులు వచ్చే పూలలో తేనె సాధారణంగా పలచన, చక్కెర 20 నుంచి 25 శాతం ఉంటుంది, కానీ ఎక్కువగా ఊరుతుంది. పక్షికి దాహమూ తీరాలి, కడుపూ నిండాలి. తేనెటీగ కోసం పూసే పూలలో బొట్టు చిన్నది, చిక్కన. 35 శాతమో, అంతకు పైనో చక్కెర ఉంటుంది, ఎందుకంటే ఈగ ఆ బరువును గూటిదాకా మోయాలి, నీటిని ఆవిరి చేసి తేనెగా నిలవ చేయాలి. సీతాకోకచిలుకది దారంలాంటి పొడవాటి తొండం, చిక్కటి పాకం అందులో ఎక్కదు. దాని పూలలో తేనె మళ్లీ పలచబడుతుంది.

వేళ కూడా అంతే. గుమ్మడి పొద్దున విచ్చుకుంటే, సొరపాదు సాయంత్రం తెల్లటి పూలు విప్పుతుంది. చీకట్లో కనపడే రంగు తెలుపు, వచ్చేవి రెక్కల పురుగులు. మీ గేటు మీద పాకిన రాధామనోహరం ఇంకా విచిత్రం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని రాత్రి పురుగులను పిలుస్తుంది, తెల్లవారాక గులాబీ రంగుకు, ఆ పైన ఎరుపుకు తిరిగి పగటి అతిథుల వైపు చూస్తుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనపడతాయి, ఒక్కో రంగు ఒక్కో రోజు వయసు.

బొట్టులో చక్కెర, నీళ్లే ఉంటాయని మేము చదువుకునే రోజుల్లో అనుకునేవాళ్లం. కాలిఫోర్నియాలో హెర్బర్ట్ బేకర్, ఐరీన్ బేకర్ అనే దంపతులు 1973లో అందులో అమైనో ఆమ్లాలు కూడా ఉంటాయని చూపించారు. తీపి ఉన్నచోట బూజు, పులుపు చేరతాయి కాబట్టి పొగాకు జాతి మొక్కలు కొన్ని తమ మకరందంలో హైడ్రోజన్ పెరాక్సైడు తయారయ్యేట్టు చూసుకుంటాయి. పుండు కడగడానికి మనం వాడే మందే అది. ఇక అరకు, చింతపల్లి వైపు కాఫీ తోటలు పూసినప్పుడు వెళ్లినవాళ్లు ఉంటే ఇది వినండి. కాఫీ పూల మకరందంలో కెఫీన్ ఉంటుంది. మన నిమ్మ, బత్తాయి జాతుల పూలలోనూ ఉంటుంది. చేదు తెలియనంత కొద్దిగా కలుపుతాయి. 2013లో బ్రిటన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. కెఫీన్ కలిపిన తీపి తాగిన తేనెటీగల్లో, ఆ వాసనను మర్నాటికి కూడా గుర్తుపెట్టుకున్నవి వట్టి చక్కెరనీళ్లు తాగినవాటి కంటే మూడింతలు ఉన్నాయి. పొద్దున కాఫీ తాగితే గానీ తెలివి రాదనే మనకు ఈ మాట కొత్త కాదు. పువ్వుకు మాత్రం దీనివల్ల దారి మరిచిపోని అతిథి దొరుకుతుంది.

అన్ని పూలూ తేనె పెట్టవు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వులో మకరందం లేదు. టమాటా, వంకాయ పూలలోనూ లేదు. అవి పుప్పొడినే పెడతాయి. పుప్పొడి సన్నని సంచుల్లో బిగించి ఉంటుంది, తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని కంపింపజేస్తే సంచి కొసన ఉన్న రంధ్రంలోంచి చిమ్ముతుంది. వంగతోటలో తుమ్మెద ఒక్కో పువ్వు దగ్గర ఆగి గట్టిగా మోగడం మీరు వినే ఉంటారు. పాట పాడుతోందని మన కవులు అన్నారు, పని చేస్తోందని నేనంటాను. రెండూ నిజమే అనుకుందాం.

పొద్దుతిరుగుడు దగ్గరికి వద్దాం. మా నాన్నగారు రెండెకరాల్లో ఈ పంట వేసిన ఏడాది నేను ఇంటర్ చదువుతున్నాను. ఇది ఒక పువ్వు కాదు, వందల పూల గుంపు. చుట్టూ ఉన్న పెద్ద పసుపు రేకులు పిలవడానికే, వాటిలో తేనె లేదు. మధ్యలోని చిన్న గొట్టాలు అసలు పూలు. అవి అంచు నుంచి లోపలికి వరస వరసగా విచ్చుకుంటాయి. ప్రతి గొట్టం అడుగున తేనె, పైన ముందు పుప్పొడి, ఆ తరవాత కీలాగ్రం. గింజ నిండాలంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరాలి. పూత దశలో రోజు విడిచి రోజు, ఉదయం ఎండ ముదరక ముందే, చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని పూలను రుద్దమని చెప్పారు. వ్యవసాయ శాఖవాళ్లు ఇప్పటికీ ఆ మాటే చెబుతారు. నేనూ అమ్మా చెరో సాలు పట్టి రుద్దేవాళ్లం. చేతులు పసుపు పూసినట్టయ్యేవి. రెండెకరాలు రెండుసార్లు తిరిగేసరికి భుజాలు పడిపోయేవి. మరుసటి ఏడాది చెరువు కట్ట మీది రావిచెట్టుకు పెద్ద తేనెపట్టు పట్టింది. తెల్లారేసరికి చేను మోగిపోయేది. మేము గుడ్డ పట్టుకున్నది ఒక్కరోజే. ఆ ఏడాది తాలు గింజలు బాగా తగ్గాయని నాన్నగారు చేటలో చెరిగి చూపించారు. మేము భుజాలు నొప్పి పుట్టేలా చేసిన పనిని ఆ ఈగలు పువ్వు అడుగునున్న చుక్క కోసం చేశాయి. ఆ చుక్క విలువ నాకు పుస్తకంలో కంటే ముందు ఆ చేటలో తెలిసింది.

అమ్మా, మీ గోంగూర వంతు వచ్చింది. ఆకును తిప్పి వెనక చూడండి. నడిమి ఈనె మీద, తొడిమకు దగ్గరగా, సూది మొనతో గీసినట్టు ఒక చిన్న గంటు ఉంది. లేత మొక్క మీద అక్కడ మెరిసే తడి కనపడుతుంది. నాలుకకు తగిలిస్తే తీపి. పువ్వుకు సంబంధం లేని చోట తేనె! పత్తి ఆకు వెనకా ఇదే ఉంటుంది, రెండూ ఒకే కుటుంబం. ఆముదం చూడండి, దాని పూలకు గాలే చాలు, తేనె అక్కర్లేదు. అయినా ఆకు తొడిమ మీద బొడిపెల్లాంటి గ్రంథులు పెట్టుకుంది. అలసంద, బీర, తుమ్మ, ఇలా లెక్క పెడితే చాలానే ఉన్నాయి. ఈ తేనె పుప్పొడి మోసేవాళ్ల కోసం కాదు, కాపలావాళ్ల కోసం. చీమలు వస్తాయి. అక్షింతల పురుగులు, గొంగళి మీద గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వస్తాయి. తీపి కోసం తిరుగుతూ ఆకు తినే పురుగుల గుడ్లను, పిల్లలను పట్టుకుంటాయి. దేశవాళీ పత్తి జాతి ఒకదాని మీద జరిపిన పరీక్షల్లో, గొంగళి కొరికాక ఆకు వెనక తేనె ఊరడం పెరిగింది. కొరికినవాడు వచ్చాడని తెలిసి కాపలాకు కూలి పెంచినట్టు. అమెరికాలో ఒకప్పుడు శనగపచ్చ పురుగు లాంటి కాయతొలిచే పురుగుల తల్లులు కూడా ఈ తేనె తాగుతున్నాయని, హవాయి అడవి పత్తి నుంచి గుణం తెచ్చి తేనె లేని పత్తి రకాలు తయారు చేశారు. శత్రువులు కొంత తగ్గాయి, కానీ మిత్రులూ తగ్గారు.

ఇక్కడే నేను రైతు సోదరుల దగ్గర కాస్త గట్టిగా మాట్లాడాలి. మకరందం మొక్క ఒంటి రసంలోంచి వస్తుందని ఇంతసేపు చెప్పాను. అంటే ఆ రసంలో ఏది ఉంటే అది బొట్టులోకి వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటి అంతర్వాహిక మందులు మొక్క అంతటా పాకడానికే తయారైనవి. విత్తనానికి పట్టించినా, ఆకు మీద కొట్టినా, వాటిలో కొంత భాగం పువ్వులోని తేనెలోకీ పుప్పొడిలోకీ చేరుతుంది. ఈగ ఆ పూటే చనిపోకపోవచ్చు, దారి మరిచిపోతుంది, గూటికి చేరదు. 2015లో వచ్చిన ఒక పరిశోధన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తేనెటీగలకు ఈ మందుల రుచి తెలియదు. పైగా వట్టి చక్కెరనీళ్లూ, మందు కలిపిన చక్కెరనీళ్లూ పక్కపక్కన పెడితే మందు కలిపినవే ఎక్కువగా తాగాయి. తప్పించుకునే తెలివి దానికి లేదు కాబట్టి ఆ బాధ్యత మన మీద పడింది. ఇమిడాక్లోప్రిడ్‌తో కలిపి ఇలాంటి మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లో నిర్ణయించింది.

మన దగ్గర పురుగు ఒత్తిడి వేరు, అప్పుల ఒత్తిడి వేరు. మందే వాడొద్దని చెప్పి వెళ్లిపోవడానికి రాలేదు. పూత మీద ఉన్న చేనుకు పొద్దున కొట్టకండి. తప్పనిసరైతే ఈగలు గూటికి వెళ్లాక, సాయంత్రం కొట్టండి. పూత దశలో అంతర్వాహిక మందుల జోలికి వెళ్లకండి. పత్తి చుట్టూ జొన్న, మధ్యలో అలసంద సాళ్లు వేయండి. అలసంద తేనె తాగి అక్షింతల పురుగులు మీ చేలోనే కాపురం ఉంటాయి. గట్టు మీద కానుగను, తుమ్మను పొయ్యిలోకని కొట్టేయకండి. మన పంట పూయని నెలల్లో ఈగ బతికేది వాటి మీదే.

ప్రశ్నలు ఉంటే తరవాత మాట్లాడదాం, నేను ఎక్కడికీ వెళ్లను. భూతద్దాలు రెండున్నాయి. పిల్లలు ముందు రండి. పొద్దుతిరుగుడు సాయంత్రం దాకా ఉంటుంది, గోంగూరను ఇంటికి తీసుకెళ్లినా పరవాలేదు. గుమ్మడి పువ్వు అంచులు అప్పుడే లోపలికి తిరుగుతున్నాయి, ముందు దాన్ని చూడండి.